రోజూ బరువు చూసుకోవాలా వద్దా? పొద్దున్న ఆ నంబర్ చూస్తే రోజంతా మూడ్ పోతోంది

కోనసీమ_పిల్ల:

నమస్తే అండి అందరికీ. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు, ఇవాళ మాత్రం ఎవరికైనా చెప్పుకోకపోతే ఉండలేను అనిపించి రాస్తున్నా. నాకు 27, మాది అమలాపురం దగ్గర, జాబ్ హైదరాబాద్‌లో, హాస్టల్‌లో ఉంటా. హైట్ 5 అడుగుల 3 అంగుళాలు. పోయిన ఏడాది చివర్లో 76 కేజీలు ఉండేదాన్ని, ఇప్పుడు 68 దగ్గర అటూ ఇటూ ఆడుతోంది. రోజూ నడక, అన్నం ఒక గరిటె తగ్గించడం, ఆర్డర్లు పెట్టుకుని తినడం మానేయడం, ఇంతే చేశా, పౌడర్లూ మందులూ ఏమీ వాడలేదు.

ఇబ్బంది ఎక్కడంటే డిజిటల్ మెషిన్ కొనుక్కున్నప్పట్నుంచి పొద్దున్న లేవగానే ఎక్కుతా, స్నానం అయ్యాక మళ్ళీ ఎక్కుతా, రాత్రి పడుకునే ముందు ఇంకోసారి. అర కేజీ తగ్గి కనపడితే ఆఫీసులో అందరితో నవ్వుతూ మాట్లాడతా, పెరిగి కనపడితే ఎవరైనా పలకరించినా చిరాకే. మొన్న కజిన్ ఓణీల ఫంక్షన్‌కి ఊరెళ్ళా, పులిహోర, బూరెలు, ఆవకాయ అన్నం అన్నీ తిన్నా, తిరిగొచ్చి చూస్తే 1.4 కేజీలు ఎక్కువ. ఏడుపొచ్చేసింది. ఆ రోజు టిఫిన్ మానేసి మధ్యాహ్నం మజ్జిగ తాగి ఊరుకున్నా, రాత్రి కూడా తినకుండా టెర్రస్ మీద కాళ్ళు లాగేదాకా నడిచా. మర్నాడు చూస్తే 300 గ్రాములు తగ్గింది, అంతే. అప్పట్నుంచి రాత్రి భోజనం మానేశా.

దానికి తోడు ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. బయోడేటాలో హైట్ పక్కన వెయిట్ కూడా రాయమని మధ్యవర్తి అడిగాడట, అమ్మేమో 60 అని రాసేద్దాం అంటోంది. ఫంక్షన్‌లో ఒక పిన్ని "తగ్గావే, ఇంకో పది తగ్గితే చక్కగా ఉంటావ్" అంది, కాసేపటికి అత్తయ్య వచ్చి "మొహం పీక్కుపోయింది, ఏమీ తినట్లేదా" అంది. వాళ్ళ మాటలు పోనీలే అనుకున్నా, అద్దంలో చూసుకుంటే నాకు ఇప్పటికీ ఆ 76 కేజీల మనిషే కనిపిస్తోంది, ఫోటో తీస్తున్నారంటే వెనక వరసలోకి వెళ్ళిపోతున్నా.

జిమ్‌లో ట్రైనర్ రోజూ చూసుకోవాల్సిందే అంటాడు, రూమ్మేట్ ఆ మెషిన్ బయట పడేయ్ అంటుంది. మీరెలా చేస్తున్నారు? ఆ 1.4 కేజీలు నిజంగా కొవ్వేనా?

బెజవాడ_నడక:

అమ్మా, ముందు 8 కేజీలు తగ్గినందుకు అభినందనలు, అది చిన్న విషయం కాదు, మందూ మాకూ లేకుండా నీ బరువులో పదో వంతు పైనే తగ్గావ్.

నాకు 44, షుగర్ బయటపడ్డాక డాక్టర్ గారు బరువు తగ్గమన్నారు, అప్పట్నుంచి నేను రోజూ చూసుకుంటా, ఆపను కూడా. నాకు తెలిసినంతలో బరువు తగ్గడం కంటే తగ్గింది నిలబెట్టుకోవడమే కష్టం, చూసుకోకుండా వదిలేస్తే నెలకి అర కేజీ చొప్పున తెలీకుండానే వెనక్కి వచ్చేస్తుంది, ప్యాంటు బిగుతైతే గానీ మనకి తెలీదు. అమెరికాలో 1994 నుంచి నేషనల్ వెయిట్ కంట్రోల్ రిజిస్ట్రీ అని ఒకటి నడుస్తోంది, కనీసం 13.6 కేజీలు తగ్గి ఏడాది పాటు పెరగకుండా ఉన్నవాళ్ళనే అందులో చేర్చుకుంటారు, వాళ్ళల్లో నలుగురిలో ముగ్గురు వారానికి ఒక్కసారైనా బరువు చూసుకునేవాళ్ళే. ఇంకో సంగతి కూడా చెప్పాలి, వాళ్ళల్లో ఎక్కువ మంది టిఫిన్ మానేవాళ్ళు కాదు, రోజూ తినేవాళ్ళే.

కాకపోతే చూసుకునే పద్ధతి ఒకటుంది. పొద్దున్నే, బాత్రూంకి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు, తాగకముందు, అదే టైముకి, ఒక్కసారే. మెషిన్ గచ్చు మీదో టైల్స్ మీదో ఉండాలి, చాప మీదా కార్పెట్ మీదా పెడితే తప్పు చూపిస్తుంది. నంబర్ రాసేసుకుని ఇక దాని గురించి ఆలోచించకూడదు. ఆదివారం నాడు ఆ ఏడు నంబర్లూ కూడి ఏడుతో భాగించి, పోయిన వారం సగటుతో పోల్చుకోవాలి. నేను సోమవారం నంబర్‌కీ మంగళవారం నంబర్‌కీ తేడా చూడను, సగటు మాత్రమే చూస్తా. అలా అయితే పండగ మర్నాడు ఎంత పెరిగినా గాభరా ఉండదు. రాత్రి పూట మాత్రం అస్సలు ఎక్కొద్దు, రోజంతా తిన్నదీ తాగిందీ ఒంట్లోనే ఉంటుంది కదా.

కందిపప్పు_చారు:

నేను డైటీషియన్‌ని, రోజూ ఓపీలో ఇదే ప్రశ్న వింటా, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదువమ్మా.

ఆ 1.4 కేజీలు కొవ్వు కాదు. లెక్క చూడు, ఒక కేజీ కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. 1.4 కేజీల కొవ్వు పట్టాలంటే నీ ఒంటికి రోజూ కావాల్సింది పోను అదనంగా 10,000 కేలరీల పైన తినాలి, బూరెలు ఎన్ని తిన్నా ఒక్క ఫంక్షన్‌లో అది జరిగే పని కాదు. మరి బరువు ఎక్కడిది అంటావా, చాలా మటుకు నీళ్ళు. పిండిపదార్థం తిన్నప్పుడు ఒళ్ళు దాన్ని కండరాల్లో, లివర్‌లో గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది, ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతో పాటు సుమారు 3 గ్రాముల నీళ్ళు పట్టి ఉంచుతుంది. నువ్వు నెలల తరబడి అన్నం తగ్గించావ్ కాబట్టి ఆ నిల్వ కొంత తగ్గి ఉంటుంది, ఒక్కసారి పులిహోర పడేసరికి నిండింది. ఆవకాయలో ఉప్పు సంగతి చెప్పక్కర్లేదు, ఉప్పు ఎక్కడుంటే నీళ్ళు అక్కడ నిలుస్తాయి. ప్రయాణంలో మోషన్ సరిగ్గా అవ్వకపోతే అదీ బరువే. పీరియడ్స్‌కి ముందు చాలామందికి కేజీ, ఒక్కోసారి రెండు కేజీలు కూడా ఇలాగే పెరిగి తర్వాత దిగిపోతాయి. కాళ్ళు లాగేదాకా నడిచానన్నావ్ చూడు, అలవాటు లేనంత వ్యాయామం చేసినా కండరాలు నీళ్ళు పట్టుకుంటాయి, అందుకే మర్నాడు అనుకున్నంత తగ్గలేదు.

ఇదే లెక్క అటు వైపు కూడా పనిచేస్తుంది. అన్నం పూర్తిగా బంద్ చేయించే డైట్లలో మొదటి వారం నాలుగు కేజీలు తగ్గామని సంబరపడతారు, అందులో ఎక్కువ భాగం నీళ్ళే, మళ్ళీ అన్నం తినగానే తిరిగొస్తాయి, అప్పుడు మనిషి తనని తాను తిట్టుకోవడం మొదలుపెడుతుంది. నాకు నిజంగా బాధేసేది అక్కడే.

ఇక మెషిన్ చెప్పనివి. మన వాళ్ళకి బరువు కంటే నడుం చుట్టుకొలత ముఖ్యం. పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్‌కి చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్, ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి బరువు లెక్క, ఒక్కటే, 22.3. కానీ ఒంట్లో కొవ్వు చూస్తే యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. 2004లో ఇద్దరి ఫోటోతో లాన్సెట్ అనే మెడికల్ జర్నల్లో వేశారు. అందుకే మన దేశంలో బీఎంఐ 23 దాటితే అధిక బరువు అనీ, 25 నుంచి ఊబకాయం అనీ లెక్కేస్తారు, నడుం ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకి 90 దాటకూడదు అంటారు. టైలర్ టేపుతో, ఊపిరి వదిలి, చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యలో పెట్టి కొలుచుకో, నెలకోసారి చాలు. నీ బీఎంఐ ఇప్పుడు 26 పైన ఉంది, ఇంకొంచెం తగ్గితే మంచిదే, కాదనను, కానీ నువ్వు ఇప్పటిదాకా తగ్గింది కూడా షుగర్, బీపీ రాకుండా చాలా మేలు చేస్తుంది. బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా ఒంట్లో ఆ మార్పు కనిపిస్తుంది.

నాకు భయం వేసింది వేరే చోట. రాత్రి భోజనం మానేశా అన్నావ్. తిండి మరీ తగ్గిస్తే ఒళ్ళు కొవ్వుతో పాటు కండని కూడా కరిగిస్తుంది, మెషిన్‌కి ఆ రెండింటికీ తేడా తెలీదు, తగ్గావనే చూపిస్తుంది. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కేజీ బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి, 55 కేజీల ఆడమనిషికి అది సుమారు 46 గ్రాములు. మజ్జిగతో గడిపితే అది ఎక్కణ్ణుంచి వస్తుంది? రాత్రికి రెండు పుల్కాలు, ముద్దపప్పో గుడ్డు కూరో, ఒక కూరగాయ, పెరుగు, ఏడున్నర ఎనిమిదికల్లా తినేయ్.

రెండు ప్రశ్నలు. పీరియడ్స్ టైముకి వస్తున్నాయా? జుట్టు రాలడం, చలి ఎక్కువ అనిపించడం, కళ్ళు తిరగడం ఏమైనా ఉన్నాయా?

ఓరుగల్లు_చెల్లె:

చెల్లీ, నీ పోస్ట్ చదువుతుంటే నా గురించే ఎవరో రాసిన్రా అనిపించింది. పైన సార్ చెప్పిన సగటు లెక్క మంచిదే కావొచ్చు, ఆయనకి పనికొచ్చింది, కానీ అందరికీ పనికిరాదు, అది నేను గట్టిగనే చెప్త.

నేను ఇంజనీరింగ్‌ల ఉన్నప్పుడు హాస్టల్‌ల మెషిన్ ఉండె, నీళ్ళు తాగినంక ఒకసారి, బాత్రూం పోయొచ్చి ఒకసారి ఎక్కుతుంటి. మొదట్ల అందరు మస్తు సన్నగైనవ్ అని మెచ్చుకున్నరు, ఆ మెచ్చుకోలు కోసమే ఇంకింత తగ్గించిన. తర్వాత పీరియడ్స్ ఆగినయ్, జుట్టు కుచ్చులు కుచ్చులు ఊడింది. మా అమ్మ దిష్టి అనుకుని ఉప్పు మిరపకాయలు తీసింది, పాపం ఆమెకేం ఎరుక. చివరికి సైకియాట్రిస్ట్ దగ్గరికి పోతె ఈటింగ్ డిజార్డర్ అన్నరు. ఆ మాట మా ఇంట్ల ఎవరు వినలె, తినక చిక్కిపోవుడు కూడా జబ్బేనా అన్నరు. ట్రీట్మెంట్‌ల నన్ను వెనక్కి తిప్పి మెషిన్ ఎక్కిస్తుండె, నంబర్ డాక్టర్ మేడం చూసేది, నాకు చెప్పకపోయేది. అట్ల నంబర్ తెలవకుండ బతకొచ్చని నాకు మెల్లగ అర్థమైంది.

మేడం నాకు ఒక సంగతి చెప్పింది. రెండో ప్రపంచ యుద్ధం టైంల, 1944-45ల, అమెరికాల మిన్నెసోటా యూనివర్సిటీల ఆన్సెల్ కీస్ అనే సైంటిస్ట్ 36 మంది ఆరోగ్యంగ ఉన్న మొగోళ్ళకి ఆర్నెల్లు తిండి సగానికి తగ్గించి చూసిండట. వాళ్ళకి వేరే ధ్యాసనే లేకపాయె, ఎప్పుడు తిండి గురించే ముచ్చట, కొందరు వంట పుస్తకాలు ముందటేసుకుని చదువుడు, చిరాకు, దిగులు. అంత గట్టి మనుషులకే అట్లయితే ఒక్కదానివి హాస్టల్‌ల ఉండి రాత్రి తినకుండ పడుకుంటే మూడ్ పోకుండ ఎట్లుంటది చెప్పు. నీ చిరాకు మొత్తం నంబర్ వల్లనే కాదు, ఆకలి వల్ల కూడా.

నువ్వు ఇప్పుడే ఆగు. మెషిన్ మీ రూమ్మేట్ చేతుల పెట్టు, ఎక్కడ దాచిందో చెప్పొద్దను. నీ అంతల నువ్వు ఆగలేకపోతె, లేకుంటె తిన్నంక తప్పు చేసినట్టు అనిపిస్తుంటె 14416కి ఫోన్ చెయ్, అది టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022ల పెట్టింది, పైసల్లేవు, తెలుగుల మాట్లాడతరు. సిగ్గుపడకు.

ఇగ పిన్నోళ్ళ మాటలు. మన దగ్గర మనిషి కనపడంగనే లావైనవ్, చిక్కినవ్ అనుడు పలకరింపు లెక్క అయిపోయింది. నేనిప్పుడు మా ఇంట్ల పిల్లల ముంగట ఎవర్ని అననియ్య. మా అక్క బిడ్డె ఐదో తరగతి, మొన్న అన్నం పక్కకి జరిపి లావైతనేమో అన్నది. ఆ పిల్లకి ఆ మాట ఎక్కడ్నుంచి వచ్చిందో నాకు తెలుసు, మేం పెద్దోళ్ళం మాట్లాడుకునుడు విని.

బెజవాడ_నడక:

చెల్లెమ్మా, నువ్వు పడ్డది చదివితే మనసు పిండేసింది. నేను రాసింది నాలాంటి షుగర్ మనిషి కోణం నుంచి. ఒక్కటి అడుగుతా, మెషిన్ పూర్తిగా దూరం పెడితే బరువు మళ్ళీ పెరిగిపోదా? ఈ అమ్మాయి 76 దాకా వెళ్ళొచ్చింది కదా, ఆ భయం కూడా న్యాయమైనదే.

కందిపప్పు_చారు:

మీ ఇద్దరి మాటల్లోనూ నిజం ఉందండి, స్టడీలు కూడా అలాగే రెండు వైపులా ఉన్నాయి. టీనేజ్ దాటిన పెద్దవాళ్ళని బరువు తగ్గే ప్రోగ్రాముల్లో పెట్టి చూసినప్పుడు రోజూ చూసుకోవడం ఉపయోగపడింది, మనసుకి పెద్దగా హాని కనపడలేదు. కానీ మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్ళే ప్రాజెక్ట్ ఈట్ పేరుతో పిల్లల్ని టీనేజ్ నుంచి ఏళ్ళ తరబడి గమనించారు, అందులో బరువు చూసుకోవడం పెరిగిన అమ్మాయిల్లో ఒళ్ళు గురించిన దిగులు, డిప్రెషన్ కూడా పెరిగాయి, తమ మీద తమకున్న గౌరవం తగ్గింది. ఏది ముందొచ్చింది, ఏది తర్వాత అనేది అంత తేలిగ్గా చెప్పలేం. మీరు చెప్పిన అమెరికా రిజిస్ట్రీ కూడా నిలబెట్టుకున్నవాళ్ళు వాళ్ళంతట వాళ్ళు వచ్చి చేరింది, మెషిన్ వల్ల కుంగిపోయినవాళ్ళు అందులోకి రారు కదా.

అందుకే నేను పేషెంట్‌ని ఒక్కటే అడుగుతా, నంబర్ పెరిగి కనపడితే నువ్వేం చేస్తావ్ అని. "రేపట్నుంచి బయట తిండి తగ్గిస్తా" అంటే రోజూ చూసుకోమంటా. "ఆ పూట తినను" అంటే మెషిన్ దాచెయ్యమంటా. ఈ అమ్మాయి రెండోది చేసింది. పెరుగుతుందేమోనన్న భయానికి నడుం కొలత ఉంది, నెలకోసారి మా లాంటివాళ్ళ దగ్గర చూపించుకునే బరువు ఉంది, రెండు చాలు.

ఇంకో మాట, ఈటింగ్ డిజార్డర్ బక్కగా ఉన్నవాళ్ళకే వస్తుంది అనుకోకండి. బరువు ఎక్కువ ఉన్నవాళ్ళకీ వస్తుంది, వాళ్ళు తినడం మానేస్తే ఇంట్లోవాళ్ళు మెచ్చుకుంటారు కాబట్టి బయటపడటానికి ఇంకా ఆలస్యం అవుతుంది.

సన్నగా_ఉన్నోడు:

అక్కా, మా అబ్బాయిల్లోనూ ఇదే ఉంది, ఎవరూ చెప్పుకోరు. నాకు 23, 52 కేజీలు, చిన్నప్పట్నుంచి పుల్ల, అగ్గిపుల్ల అనే పిలుస్తారు, హాఫ్ హ్యాండ్స్ వేసుకోవాలంటే భయం. జిమ్‌లో ఫ్రెండ్స్ అందరూ పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి వెయిట్ చూస్తారు, పెరగకపోతే ఇంకో రెండు స్కూపులు పౌడర్ వేస్తారు, ఒకడైతే ఎవరో ఇచ్చిన ఇంజెక్షన్ల దాకా వెళ్ళాడు. మెషిన్ కొవ్వు శాతం కూడా చూపిస్తుంది కదా, అది నమ్మొచ్చా? పొద్దున 14 చూపిస్తే సాయంత్రం 17 చూపిస్తోంది.

కందిపప్పు_చారు:

నమ్మొద్దు తమ్ముడూ, అది కాళ్ళలోంచి చిన్న కరెంట్ పంపి అంచనా కడుతుంది, ఒంట్లో నీళ్ళు ఎంత ఉన్నాయన్న దాన్ని బట్టి మారిపోతుంది. ఆ ఇంజెక్షన్ల ఫ్రెండ్‌ని మాత్రం వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు, స్టెరాయిడ్ అయితే లివర్, గుండె రెండూ దెబ్బతింటాయి. నువ్వు 23 ఏళ్ళకి 52 అంటే నీ హైట్ ఎంతో చెప్పు, నీ గురించి వేరే పోస్ట్ పెడితే వివరంగా మాట్లాడుకుందాం.

కోనసీమ_పిల్ల:

అందరికీ చాలా థాంక్స్ అండి, ఇంత మంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. ఓరుగల్లు అక్కా, మీ మెసేజ్ మా రూమ్మేట్‌కి చదివి వినిపించా, మెషిన్ తను తీసుకెళ్ళిపోయింది. రాత్రంతా చెయ్యి లాగేస్తున్నట్టే ఉంది, పొద్దున్న కాలు దానికదే మూల వైపు వెళ్ళింది, అంత అలవాటైపోయిందని ఇప్పుడే తెలిసింది.

మేడం మీరు అడిగినవాటికి, పీరియడ్స్ పోయిన నెల పది రోజులు లేటుగా వచ్చాయి, అంతకుముందు ఎప్పుడూ లేటు లేదు. జుట్టు రాలుతోంది, హైదరాబాద్ నీళ్ళ వల్ల అనుకున్నా. చలి కూడా ఎక్కువే, ఆఫీస్ ఏసీలో నేనొక్కదాన్నే స్వెట్టర్ వేసుకుంటున్నా. అమ్మకి థైరాయిడ్ ఉంది, నాకూ అదేనేమో, అందుకే బరువు పెరిగానేమో?

బయోడేటా సంగతి అమ్మతో ఫోన్‌లో మాట్లాడా. 60 అని రాస్తే పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు తూకం వేస్తారా ఏంటే అంది. అసలు ఆ కాలమే వద్దమ్మా, అబ్బాయి వాళ్ళ బయోడేటాలో బరువు ఉందా చూడు అన్నా. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత నాన్నతో చెప్పి తీసేయిస్తాలే అంది. పిన్నికి కూడా చెప్పమన్నా, అది మాత్రం నా వల్ల కాదు, నువ్వే చెప్పుకో అంది.

ఓరుగల్లు_చెల్లె:

సూపర్ చెల్లీ, మంచిగ అడిగినవ్. పిన్నితోని కొట్లాడకు, "పిన్నీ, నా బరువు గురించి వద్దు, వేరే ఏమన్న మాట్లాడు" అని నవ్వుకుంటనే చెప్పు, ప్రతిసారి అదే మాట చెప్పు. నాలుగైదు సార్లకి మానేస్తరు. మెషిన్ లేక చెయ్యి లాగుడు మొదటి వారం గట్టిగ ఉంటది, తర్వాత తగ్గుతది. అప్పటిదాంక పొద్దున లేవంగనే రూంల ఉండకు, కిందికి దిగి చాయ్ తాగు.

కందిపప్పు_చారు:

లేటు పీరియడ్స్, జుట్టు, చలి మూడూ కలిసి వస్తున్నాయంటే తక్కువ తినడం వల్ల కావొచ్చు, థైరాయిడ్ కావొచ్చు, రక్తం తక్కువైనా కావొచ్చు, ఊహించుకుంటూ కూర్చోకుండా ఒకసారి గైనకాలజిస్ట్‌కో ఫిజీషియన్‌కో చూపించుకో. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ టెస్ట్), హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చూపించే టెస్ట్) రాయమని అడుగు, భోజనం మానేసిన సంగతి కూడా దాచకుండా చెప్పు. థైరాయిడ్ తక్కువైతే బరువు పెరుగుతుంది నిజమే కానీ మామూలుగా రెండు నుంచి నాలుగైదు కేజీలే, అందులోనూ ఎక్కువ భాగం ఉప్పూ నీరూ, కాబట్టి 76కి అదొక్కటే కారణం అని ఇప్పుడే అనేసుకోకు.

రిపోర్ట్ వచ్చాక నంబర్లు ఇక్కడ పెట్టకపోయినా పర్లేదు, డాక్టర్ ఏమన్నారో ఒక్క మాట రాయి. రాత్రి భోజనం మాత్రం రిపోర్ట్ దాకా ఆగొద్దు, ఇవాళ్టి నుంచే తిను. మీ హాస్టల్ మెనూ ఏంటో రాస్తే అందులో ప్రొటీన్ ఎలా సర్దుకోవాలో చెప్తా.

కోనసీమ_పిల్ల:

రాత్రికి మా దగ్గర రోజూ చపాతీ, ఒక కూర, సాంబార్, పెరుగు మేడం. బుధ, ఆదివారాలు గుడ్డో చికెనో ఉంటుంది. శనివారం పొద్దున డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నా, రూమ్మేట్ కూడా వస్తానంది.